బిగిస్తే ఆగదు

కారే కొళాయిని చూడగానే చెయ్యి దానంతటదే చేసే పని ఒకటుంది: ఇంకాస్త గట్టిగా బిగించడం. రెండు రోజులు ఆగుతుంది, మూడో రోజు మళ్ళీ చుక్క. ఈసారి ఇంట్లో మగవాళ్ళని పిలుస్తాం. వాళ్ళు పళ్ళు బిగబట్టి ఇంకో అర చుట్టు తిప్పుతారు. ఆ తరవాత ఆ కొళాయి పిల్లలకీ ముసలివాళ్ళకీ లొంగదు. తడి చేతికి జారుతుందని గుడ్డ వేసి తిప్పాల్సొస్తుంది. చుక్క మటుకు మానదు. చివరికి కింద బకెట్టు పెడతాం. నిండిన నీళ్ళు మొక్కలకి పోస్తున్నాం కదా అని సర్దిచెప్పుకుంటాం. అక్కడితో ఆ కొళాయి సంగతి అందరూ మరిచిపోయినట్టే.

కొళాయి కారడం బలంతో పోయే జబ్బు కాదు. నేను చెప్పదలచుకున్నది ఇంతే. బలంతో పని లేదు కనక అది ఎవరైనా నేర్చుకోగల పని. మిక్సీ జారు అడుగున వాషరు మార్చుకునే మనిషి, కుక్కరు గాస్కెట్టు వదులైందని ఆవిరి చప్పుడు విని చెప్పే మనిషి, కొళాయి దగ్గరికి వచ్చేసరికి "ప్లంబర్ని పిలవండి" అని వెనక్కి తగ్గాల్సిన అవసరం లేదు. మన ఇళ్ళలో అలా తగ్గేది ఎక్కువగా ఆడవాళ్ళే. రోజంతా ఆ కొళాయిలు వాడేదీ వాళ్ళే.

లోపల ఏముందో చూద్దాం. తల మీద అడ్డ పిడి ఉన్న మామూలు ఇత్తడి కొళాయిలో నీళ్ళు కింది భాగంలోంచి ఒక గుండ్రటి రంధ్రం గుండా పైకొచ్చి మూతిలోకి మళ్ళుతాయి. ఆ రంధ్రం అంచుని సీటు అంటారు. సీటు మీద జంపరు కూర్చుంటుంది: చిన్న ఇత్తడి బిళ్ళ, వెనకాల పొట్టి కాడ, అడుగున నల్లటి రబ్బరు వాషరు. జంపరుకి పైన స్పిండిల్, దాని ఒంటికి మర. పిడి తిప్పితే మర కిందికి దిగి వాషరుని సీటు మీద అదుముతుంది. నీటిని ఆపేది ఇత్తడి అంచుకీ మెత్తటి రబ్బరుకీ మధ్య కుదిరిన పొందిక. రబ్బరు మెత్తగా ఉన్నన్నాళ్ళూ రెండు వేళ్ళ బలం సరిపోతుంది. ఏళ్ళు గడిచేసరికి రబ్బరు బిరుసెక్కుతుంది, సీటు అంచు తగిలిన చోట గుండ్రంగా గాడి పడుతుంది, కారడం మొదలౌతుంది. మనం బిగిస్తాం. రబ్బరు నలిగి చీలుతుంది. ఇంకా బిగిస్తే చివరికి ఇత్తడి వెళ్ళి ఇత్తడిని రాస్తుంది. వెంట్రుకంత సందులోంచి ఒత్తిడితో దూసుకుపోయే నీరు ఆ సందుని అంతటితో ఉండనివ్వదు. చెరువు గట్టుకి గండి పడ్డట్టే సీటు అంచు మీద సన్నటి కోత పడి అది రోజురోజుకీ పెద్దదవుతుంది. అప్పుడు కొత్త వాషరు వేసినా ప్రయోజనం ఉండదు. సీటుని అరగదీసి చదును చెయ్యాలి, లేదంటే కొళాయే మార్చాలి. పదో పరకో పెడితే పోయే పనిని వందల్లోకి తెచ్చింది మన బలమే.

ఈ మర కొళాయి కథ ఇంగ్లండులోని రోథర్‌హామ్‌లో మొదలైంది. 1845లో అక్కడి గెస్ట్ అండ్ క్రైమ్స్ అనే ఇత్తడి కార్ఖానా దీన్ని తెచ్చిందని చెబుతారు. అంతకుముందు వాడుకలో ఉన్నది, రంధ్రం ఉన్న ఇత్తడి బిరడాని పావు చుట్టు తిప్పే రకం. పీపాలకి అది చక్కగా సరిపోయేది. ఊరంతా గొట్టాలు వేసి ఒత్తిడితో నీళ్ళు పంపడం మొదలయ్యాక మాత్రం తంటా వచ్చింది. పారే నీటిని ఒక్కసారి కట్టేస్తే గొట్టంలో దెబ్బ పుట్టి కీళ్ళు కదిలిపోయేవి. నిదానంగా దిగి నిదానంగా మూసుకునే మర దానికి మందయింది. దానికి నాలుగేళ్ళ ముందే, 1841లో, జోసెఫ్ విట్‌వర్త్ మరల వాలు 55 డిగ్రీలుండాలని ఒక కొలత పెట్టాడు. మన కొళాయి మరలు నేటికీ ఆ కుదురులోవే. అర అంగుళం గొట్టానికి అంగుళానికి 14 చుట్లు. ఆ ఒప్పందం చలవ వల్లనే గాజువాకలో కొన్న కొళాయి గోపాలపట్నంలో గోడకి మారు మాట లేకుండా ఎక్కుతుంది. అర అంగుళం అంటాం గాని ఆ మరని బయటినుంచి కొలిస్తే 21 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. ఒకప్పటి గొట్టాల లోపలి వెడల్పుని బట్టి వచ్చిన పేరది. స్కేలు పట్టుకుని కొలిచి ముప్పావు అంగుళమేమో అని షాపుకి వెళ్ళేవాళ్ళున్నారు కనక ఈ మాట చెప్పాను.

విశాఖపట్నంలో ఉంటూ ఈ పని రాదనుకోవడం నాకు ముందునుంచీ వింతగానే ఉండేది. ఈ ఊరు బతికేదే విప్పడం, చూడడం, బిగించడం మీద. 1933లో ఓడరేవు వచ్చింది. 1948లో ఇక్కడి షిప్‌యార్డులోంచి జల ఉష అనే ఓడ నీటిలోకి దిగింది. 1957లో కాల్టెక్స్ రిఫైనరీ. ఆ పైన ఉక్కు కర్మాగారం. దాని కోసం 1966లో ఉద్యమం, 1971లో శంకుస్థాపన, 1990లో మొదటి కొలిమి. ఆ కొలిమికి గోదావరి అనీ, రెండోదానికి కృష్ణ అనీ పేర్లు పెట్టారు. నిప్పుకి నదుల పేర్లు పెట్టిన ఊరు ఇది! ఆ కొలిమిని చల్లబరచడానికీ, ఓడ అడుగున చేరిన నీటిని తోడడానికీ, రిఫైనరీలో నూనె నడిపించడానికీ కావలసిన వాల్వులు లెక్కలేనన్ని. వాటిని చూసుకునే ఫిట్టర్లు కంచరపాలెం ఐటీఐలోనో, యార్డులో అప్రెంటిసుగానో పని నేర్చుకుని, ముప్పై నలభై ఏళ్ళు చేసి, కూర్మన్నపాలెంలోనో మల్కాపురంలోనో ఇళ్ళు కట్టుకుని ఉన్నారు. మనిషంత ఎత్తు వాల్వులోనూ సీటు ఉంటుంది, స్పిండిల్ ఉంటుంది, స్పిండిల్ చుట్టూ నీరు ఎగదన్నకుండా గ్లాండు ఉంటుంది. మన వంటింటి కొళాయి దానికి చిన్న చెల్లెలు.

నాకు నేర్పింది అలాంటి పెద్దాయనే. మా కింద వాటాలో ఉంటారు, ఉక్కు ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. బాబాయ్ గారూ అని పిలుస్తాను. స్నానాలగది కొళాయి విప్పుతుంటే పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నారు, చెయ్యి మాత్రం పెట్టలేదు.

"ఆగు తల్లీ. ముందు నీళ్ళు కట్టు."

మేడ మీది గేటు వాల్వు కట్టి వచ్చాను.

"ఇప్పుడు కొళాయి తిప్పి ఒదిలెయ్. గొట్టంలో ఉన్నవి పోనీ. పోయేయా? మరి తూముకి గుడ్డ పెట్టేవా? స్క్రూ అందులో పడితే ఎవులు తీస్తారు?"

గుడ్డ పెట్టాను. పిడి మీది చిన్న మూత గోటితో లేపి, లోపలి స్క్రూ తీసి, పిడి పైకి లాగాను. స్పానరు పెట్టబోతుంటే మళ్ళీ ఆపారు.

"కొళాయి సగం తెరిచే ఉండాల. కట్టేసి విప్పితే జంపరు సీటు మీద కూరుకుపోయి ఉంటాది, మర మీద బలం పడతాది. సరే, ఒక చేత్తో విప్పుతావు. రెండో చెయ్యి ఏటి పట్టుకుంటాది?"

ఆయన నేర్పిన వాటిలో నేను అందరికీ చెప్పేది ఈ ప్రశ్నే. పై నట్టు తిప్పుతుంటే కింద కొళాయి ఒళ్ళు కూడా తిరగజూస్తుంది. దాని వెనక గోడలో ఎల్బో ఉంది, ఎల్బోకి గొట్టం ఉంది. పాత జీఐ గొట్టమైతే తుప్పుపట్టిన మర దగ్గర విరుగుతుంది, ప్లాస్టిక్ గొట్టమైతే అతుకు దగ్గర చిట్లుతుంది. అప్పుడిక గోడ పగలగొట్టాల్సిందే. అందుకని రెండో స్పానరుతో కొళాయి ఒంటిని కదలకుండా పట్టుకోవాలి. విప్పే చేతి బలం గోడదాకా పోకుండా ఈ చెయ్యి అక్కడే ఆపెయ్యాలి. మెరుపు పోకుండా స్పానరు దవడల మధ్య గుడ్డముక్క. ప్రదక్షిణంగా తిప్పితే బిగుస్తుంది, అప్రదక్షిణంగా తిప్పితే వస్తుంది. బిర్రుగా ఉంటే లాగి గుంజకుండా, నట్టు చుట్టూ కొబ్బరినూనె రెండు చుక్కలు వేసి కాసేపు ఊరుకోవడం మేలు. మొండికేసిన మరని బతిమాలి తీసుకురావాలనేవారు బాబాయ్ గారు.

జంపరు బయటికొచ్చాక పాత వాషరుని అరచేతిలో పెట్టుకుని చూడండి. మసి వేలికి అంటుతుంది. మధ్యలో సీటు అంచు అచ్చు గుండ్రంగా లోతుగా దిగి ఉంటుంది. ఆ గుండ్రంలో ఒక చోట, సరిగ్గా ఒక్క చోట, అడ్డంగా సన్నటి గీత. నీళ్ళు ఇన్నాళ్ళూ నడిచిన దారి అదే. గోటితో వంచితే అక్కడ నోరు తెరుచుకుంటుంది. ఆ గీతని ఒకసారి కళ్ళారా చూసినవాళ్ళు మళ్ళీ ఏ కొళాయినీ బలం కొద్దీ బిగించరని నా నమ్మకం. చిటికెనవేలు సీటు మీదికి పోనిచ్చి చుట్టూ తడమండి. నున్నగా ఉంటే కొత్త వాషరు చాలు. గరుకు తగిలితే సీటుని చదును చేసే చిన్న పనిముట్టు ఉంటుంది, దానితో రెండు మూడు చుట్లు తిప్పి తుడిచెయ్యాలి. అంతే పని. తిరిగి బిగించేటప్పుడు నీళ్ళు ఆగిన చోట చెయ్యి ఆగాలి. "ఆగింది కదా, ఇంకెందుకు? సాలు," అనేవారాయన.

వెనకటి ఇళ్ళలో తోలు వాషర్లుండేవి. అవి కూడా దొరకని చోట సైకిలు ట్యూబుముక్కో, తెగిపోయిన హవాయి చెప్పు అడుగో గుండ్రంగా కోసి వేసేవారు. చెప్పు రబ్బరు మెత్తన కనక వెంటనే ఆగుతుంది, కాని తొందరగా అణిగిపోతుంది. రాత్రి పూట, షాపులు మూసేశాక, తెల్లారేదాకా గడపడానికి ఈనాటికీ పనికొచ్చే ఉపాయమది.

పిడి కిందనుంచి, స్పిండిల్ చుట్టూ ఊరుతూ ఉంటే అది వేరే సంగతి. కొళాయి తెరిచినప్పుడే కారుతుంది, కట్టేస్తే ఆగుతుంది. వాషరుతో సంబంధం లేదు, గ్లాండు దగ్గర చుట్టిన దారం అరిగింది. పాతరోజుల్లో జనపనారకి కొవ్వు పట్టించి చుట్టేవారు, ఇప్పుడు చిన్న రబ్బరు రింగో, పేనిన టెఫ్లాన్ టేపో. ఆ టెఫ్లాన్ 1938లో అమెరికాలో రాయ్ ప్లంకెట్ అనే రసాయన శాస్త్రవేత్త చేతిలో అనుకోకుండా పుట్టింది. ఏదో శీతలీకరణ వాయువు కోసం చూస్తుంటే సిలిండరులో తెల్లటి పొడి మిగిలింది. అది ఈనాడు మన కొళాయి మర మీద చుట్టుకుంటోంది. మర బిగిసే వైపుకే చుట్టాలి. ఎదురు చుడితే బిగించేటప్పుడు టేపంతా ఊడి, ఉండ చుట్టుకుని వెనక్కి వచ్చేస్తుంది.

ఇక విశాఖలాంటి తీరపు ఊళ్ళకి ఇంకో చిక్కుంది, ఉప్పు. లాసన్స్ బే కాలనీ, పెదవాల్తేరు, పాత వన్‌టౌన్ ఇళ్ళలో కిటికీ ఊచల దగ్గరనుంచి కొళాయి పూత దాకా ఏదీ చాలాకాలం నిలవదు. పైన వేసిన క్రోము పొర పలచన. దానికి సూది మొనంత చిల్లు పడితే ఉప్పుగాలి లోపలికి చేరుతుంది. ఇత్తడి అంటే రాగీ జింకూ కలిసిన లోహం. ఉప్పు తగిలిన నీటిలో అందులోంచి జింకు కరిగిపోయి గులాబీ రంగు రాగి బొరియలు బొరియలుగా మిగులుతుంది. చూడ్డానికి కొళాయి ఆకారం అలాగే ఉంటుంది, స్పానరు పెడితే పెళుసుగా విరుగుతుంది. పసుపు రంగు ఉండాల్సిన చోట ఎరుపు కనిపిస్తే ఆ కొళాయికి మరమ్మతు చెయ్యబోకండి, మార్చెయ్యండి. తీరం పక్క డాబాల మీద, మొక్కల దగ్గర, ప్లాస్టిక్ కొళాయే ఇత్తడికన్నా ఎక్కువ కాలం మన్నుతుంది. ఎండకి పెళుసవుతుంది గాని ఉప్పుకి లొంగదు. కొందరు దాన్ని చులకనగా చూస్తారు, అనవసరం.

ఉప్పు చాలదన్నట్టు మనం యాసిడ్ పోస్తాం. స్నానాలగది గచ్చు మెరవాలని యాసిడ్‌తో కడిగేటప్పుడు లేచే పొగ కొళాయిల మీదే పేరుకుంటుంది. తెల్లటి సున్నపు మరకలకి నిమ్మచెక్కో వెనిగరో చాలు. పూత లేని పాత ఇత్తడి కొళాయికి చింతపండు. అమ్మోనియా ఉన్న మందులు మాత్రం ఇత్తడి దరిదాపులకి రానివ్వకూడదు. దీని వెనక మన దేశంలోనే నడిచిన కథ ఉంది. బ్రిటిషు సైన్యం తూటాల ఇత్తడి తొడుగులని వానాకాలంలో గుర్రపుశాలల్లో దాచేది. ఎవరూ ముట్టుకోకుండానే అవి చిట్లిపోయేవి. కారణం 1921లో గాని స్పష్టంగా తేలలేదు: గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, గాలిలో తేమ, ఆ రెంటికీ తోడు తొడుగు తయారీలో లోహంలో మిగిలిపోయిన బిగువు. బిగువులో ఉన్న ఇత్తడినే అమ్మోనియా చీలుస్తుంది. అతిగా బిగించిన నట్టు కూడా అలా బిగువులో ఉన్న ఇత్తడే. గోడ లోపల ఏ దెబ్బా తగలకుండా నట్టు నిలువునా పగిలిందంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

అపార్టుమెంట్లలో ఇంకో విషయం. నీటి మట్టం పది మీటర్ల ఎత్తుంటే కింద చదరపు సెంటీమీటరు మీద దాదాపు ఒక కిలో ఒత్తిడి పడుతుంది. అయిదంతస్తుల మేడ మీద ట్యాంకు ఉంటే పై వాటావాళ్ళకి షవర్లో ధార సరిగా రాదు, నేల వాటావాళ్ళ వాషరు మీద కిలోన్నర కూర్చుంటుంది. ఒకే రోజు బిగించిన ఒకే రకం కొళాయి కింద ముందు పోతుంది, పైన తరవాత. కింది వాళ్ళు నీళ్ళు పాడుచేస్తున్నారని పై వాళ్ళు అనుకునే ముందు ఈ లెక్క గుర్తు చేసుకుంటే మంచిది.

షవరు గురించి చాలామంది అనవసరంగా కంగారుపడతారు. కట్టేశాక కూడా చుక్కలు పడుతున్నాయంటే లీకు ఉన్నట్టే అని కాదు. షవరు తలలోనూ వంపు గొట్టంలోనూ నిలిచిన నీళ్ళు, సన్నటి రంధ్రాల దగ్గర ఆగి ఆగి, కాసేపు జారుతూనే ఉంటాయి. గంట తరవాత వెళ్ళి చూడండి. అప్పటికీ పడుతుంటేనే వాల్వు లీకు. ఏ వాల్వో తెలుసుకోడానికి ఆ చుక్క మీద వేలు పెట్టండి. వేడిగా తగిలితే గీజరు వైపుది. రబ్బరు వేడికి ముందు బిరుసెక్కుతుంది కనక ఎక్కువసార్లు అదే అవుతుంది. షవరు తెరిచినా కింద మూతిలోంచి నీళ్ళు పోతూ ఉంటే నీళ్ళని షవరుకి మళ్ళించే డైవర్టరు లోపలి రబ్బరు అరిగిందని అర్థం. షవరు ధార పక్కలకి చిమ్ముతుంటే రంధ్రాలకి సున్నం పట్టింది. తల ఊడదీసి రాత్రంతా వెనిగర్లో నానబెట్టి, పాత పళ్ళ బ్రష్షుతో రుద్దితే సరి. బోరు నీళ్ళు వాడే ఇళ్ళలో ఇది ఏడాదికి రెండుసార్లయినా చెయ్యాలి.

గీజరు సేఫ్టీ వాల్వు నుంచి నీళ్ళు వేడెక్కేటప్పుడు నాలుగు చుక్కలు పడడం మాత్రం జబ్బు కాదు. వేడికి నీరు పెరుగుతుంది, పెరిగిన నీటికి దారి కావాలి. ఆ దారికి ఎవరైనా బిరడా కొడితే గీజరు పేలే ప్రమాదం ఉంది. ఈ ఒక్క చోట కారుతున్నదాన్ని ఆపకూడదు. ఆగకుండా ధారగా పోతూ ఉంటే అప్పుడు ఆ కంపెనీ మెకానిక్కుని పిలవాలి.

నీళ్ళు పోతే పోనిద్దూ అనేవాళ్ళకి ఒక లెక్క. కారే కొళాయి కింద 200 మిల్లీలీటర్ల గ్లాసు పెట్టి గడియారం చూడండి. పది నిమిషాల్లో నిండితే రోజుకి 28.8 లీటర్లు. జల జీవన్ మిషన్ పల్లెలో ఒక మనిషికి రోజంతటికీ ఇవ్వాలనుకున్నది 55 లీటర్లు. అందులో సగం పైచిలుకు మన తూములోకి పోతోందన్నమాట. ఈ ఊరికి నీళ్ళు ఊరికే రాలేదు. ఒకప్పుడు ముడసర్లోవ జలాశయం సరిపోయేది. తరవాత గోస్తనీ మీద తాటిపూడి, ఊరి పక్కనే మేఘాద్రిగెడ్డ, శారదా నది మీద రైవాడ. అవీ చాలక ఉక్కు కర్మాగారం కోసం తవ్విన ఏలేరు కాలువ. ఏలేశ్వరం నుంచి 153 కిలోమీటర్లు నడిచి వస్తుంది. రైవాడ కింది రైతులు ఆ నీళ్ళు తమ పొలాలకే కావాలని ఎన్నేళ్ళుగానో అడుగుతూనే ఉన్నారు. వాళ్ళని కాదని తెచ్చుకున్న నీళ్ళు వాషరు మార్చక తూములో పోయడం నాకు అన్యాయంగానే తోస్తుంది.

హుద్‌హుద్ తుపాను వచ్చింది 2014 అక్టోబరు 12, ఆదివారం. కరెంటు లేదు, పంపులు లేవు, ట్యాంకర్ల దగ్గర బిందెలతో బారులు. నీళ్ళొస్తాయేమోనని ఇంటింటా కొళాయిలు తిప్పి చూసి, రాకపోతే అలాగే వదిలేసినవాళ్ళెందరో. నీళ్ళు తిరిగి వచ్చిన వేళ ఇంట్లో మనిషి లేని చోట అవన్నీ నేలపాలయ్యాయి. నీళ్ళు లేనప్పుడు కూడా కొళాయి కట్టే ఉంచాలని మా పిల్లలకి ఆనాడే అలవాటు చేశాను.

ఇప్పటి ఇళ్ళలో వస్తున్నవి పావు చుట్టు తిరిగే కొళాయిలు. లోపల వాషరు ఉండదు. కార్ట్రిడ్జిలో రెండు సిరామిక్ బిళ్ళలు ఒకదాని మీద ఒకటి జారుతాయి. నీటి పొర కూడా దూరనంత నున్నగా సానపట్టినవి. వీటికి శత్రువు ఇసుక రేణువు. కార్పొరేషన్ గొట్టం పని జరిగాకో, ట్యాంకు కడిగాకో ఎర్రనీళ్ళు వస్తే ముందు పెరటి కొళాయి తిప్పి బురద పోనివ్వాలి, తరవాతే లోపలివి తిప్పాలి. వీటినీ బలంగా తిప్పే అలవాటు మనది. బిళ్ళకేం కాదు గాని, తిరగడం ఆపే చిన్న అడ్డు విరుగుతుంది. కార్ట్రిడ్జి మార్చడం వాషరు మార్చడం కన్నా తేలిక, అదే రకం దొరికితే. ఆ "దొరికితే" దగ్గరే అసలు కష్టం. పూర్ణా మార్కెట్టు వైపు శానిటరీ షాపులో అడిగితే ముందుగా వినిపించే మాట "పాతది తెచ్చేరా అండీ?" అని. తెచ్చింది బల్ల మీద పెడితే పొడవు కొలుస్తారు, స్పిండిల్ తల మీది పళ్ళు లెక్కపెడతారు. ఒక్క పన్ను తేడా వచ్చినా పాత పిడి ఎక్కదు. కంపెనీ ఆ మోడలు ఆపేసి ఉంటే నలభై రూపాయల రబ్బరు రింగుల కోసం వేల రూపాయల సెట్టు తీసి పారెయ్యాలి. కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టల్ పెట్టింది. వ్యవసాయ పరికరాలు, ఫోన్లూ ఎలక్ట్రానిక్సూ, గృహోపకరణాలు, వాహనాలు అని నాలుగు రంగాలు ఎంచుకుంది. గోడలో పూడ్చే వాల్వులు కూడా ఆ వరసలో ఉండాలని నేను గట్టిగా అనుకుంటున్నాను. ఫోను పాడైతే జేబులోంచి తీసి మార్చుకుంటాం. వాల్వు మార్చాలంటే టైల్సు పగలాలి, అదే రంగు టైలు మళ్ళీ దొరకాలి.

అందుకని కొత్త ఇల్లు కట్టుకునేవాళ్ళకీ, బాత్రూము బాగుచేయించేవాళ్ళకీ నేను చెప్పేది: మామూలు కొళాయైతే ఐఎస్ 781 గుర్తు చూసి, చేతిలోకి తీసుకుని బరువు చూసి కొనండి. షవరు సెట్టు ఎంచేటప్పుడు మెరుపు తరవాత చూడొచ్చు, లోపలి కార్ట్రిడ్జి విడిగా అమ్ముతారా అని ముందు అడగండి. అమ్ముతామంటే అప్పుడే రెండు అదనంగా తీసుకోండి. ప్రతి స్నానాలగదికీ విడిగా కట్టుకునే వాల్వు ఒకటి పెట్టించండి, లేకపోతే ఒక్క వాషరు కోసం ఇల్లంతా నీళ్ళు ఆపాల్సొస్తుంది. దాన్ని ఏ రెండు నెలలకో ఒకసారి తిప్పి వదలండి, తిప్పకపోతే బిగుసుకుపోతుంది. గోడ మూసే ముందు గొట్టాలు కనబడేటట్టు ఫోటో తీసుకోండి, పక్కన టేపు పెట్టి మరీ తియ్యండి. ఆ ఫోటో అచ్చువేయించి, వాల్వుల మోడలు నంబర్లు రాసి, కరెంటు మీటరు పెట్టె తలుపు లోపలివైపు అంటించండి. ఇల్లు అద్దెకిచ్చినా అమ్మినా ఆ కాగితం అక్కడే ఉంచండి.